మిలిటరీ సారు ఉత్తరాలు

బుధవారం – కాజీపేట, హన్మకొండ

మా సారు పోయి ఏడాది నిండింది. తొంభై ఏళ్లు బతికారు. పదహారేళ్లు సైన్యంలో, ఇరవై ఒక్క ఏళ్లు సర్కారు బడుల్లో, రిటైరయ్యాక ముప్పై ఏళ్లకు పైగా పరకాలలో తన ఇంటి అరుగు మీద పనిచేశారు. వచ్చే ఆదివారం పూర్వ విద్యార్థులమంతా సంస్మరణ సభ పెట్టుకున్నాం. అక్కడ చదవడానికి సారు జీవితం గురించి నాలుగు పేజీలు రాసే పని నాకు అప్పగించారు. హైదరాబాద్‌లో కూర్చుని మొదలుపెడితే క్రమశిక్షణ, సమయపాలన, దేశభక్తి తప్ప మరో మాట రాలేదు. మిలిటరీ నుంచి వచ్చిన టీచర్ గురించి ఎవరైనా రాసే మాటలే అవి. నాకు పాఠం చెప్పిన మనిషి వాటిలో కనిపించలేదు. ఆయన తిరిగిన చోట్లు ఒకసారి చూసి, తెలిసినవాళ్లతో మాట్లాడి రాద్దామని సెలవు పెట్టి బయలుదేరాను.

సాయంత్రం భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో కాజీపేట దిగాను. 1929లో బల్లార్షా లైను పూర్తయినప్పటి నుంచి ఢిల్లీ, మద్రాసు బండ్లన్నీ ఈ జంక్షన్ మీదుగానే. 1954లో సారు ఇక్కడే గ్రాండ్ ట్రంక్ ఎక్కి, ఇటార్సీలో బండి మారి, జబల్‌పూర్‌లో సిగ్నల్స్ శిక్షణ కేంద్రానికి వెళ్లారు. అప్పటికి ఆయనకు పంతొమ్మిదేళ్లు. నిజాం రాజ్యంలో పుట్టినవాడు కాబట్టి తహతానియా, వస్తానియా (ప్రాథమిక, మాధ్యమిక) చదువులు ఉర్దూలోనే. బడిలో ఉర్దూ, ఇంట్లో తెలుగు. ఆ ఉర్దూ వల్ల సైన్యంలో హిందుస్తానీ ఆయనకు మొదటి రోజు నుంచే కొత్త కాలేదు. దక్షిణాది నుంచి వచ్చిన మిగతా కుర్రాళ్లు పరేడ్ ఆర్డర్లు అర్థం కాక తిప్పలు పడుతుంటే, ఈయన వాళ్లకు చెప్పి పెట్టేవాడట. ఆయన పంతులు పని అక్కడే మొదలైందని నేననుకుంటాను.

సారు బిడ్డ హన్మకొండలో ఉంటుంది. మాకందరికీ అక్క. నేను వెళ్లేసరికి ఇనప పెట్టె హాల్లోకి లాగి పెట్టింది. మూత మీద తెల్ల పెయింట్‌తో రాసిన పేరు, సర్వీసు నంబరు ఇంకా కనిపిస్తున్నాయి. లోపల ఒక చిన్న గుడ్డ సంచిలో పతకాలు. సైన్య సేవా పతకం, దాని మీద నేఫా అని చిన్న పట్టీ. ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌ను అప్పుడు అలా పిలిచేవారు. ఇంకోటి 1965 రక్షా పతకం. ఆగస్టు పదిహేనుకు కూడా సారు వీటిని పెట్టుకోగా మేం చూడలేదు.

పెట్టెలో మిగిలిందంతా కాగితాలే. సారు తన అమ్మకు రాసిన కార్డులు, ఇన్‌లాండ్ లెటర్లు ఒక కట్ట, అన్నీ తెలుగులో. పంపిన చిరునామా దగ్గర కొన్నిటి మీద 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు), కొన్నిటి మీద 99 ఏపీఓ. సైనికుడు ఏ కొండ మీద ఉన్నా ఇంటికి తెలిసేది ఆ అంకె వరకే. 56 అంటే పడమటి దిక్కు, 99 అంటే తూర్పు. ఇంకో కట్ట ఉర్దూలో ఉంది. చిన్ననాటి దోస్తుకు రాసినవి. ఆ దోస్తు చనిపోయాక ఆయన కొడుకు తెచ్చి సారుకే ఇచ్చాడట. అన్నిటికంటే అడుగున ఒక పాత కవరు. దాని మీద చిరునామా హిందీలో ఉంది, చుట్టూ పోస్టాఫీసు ముద్రలు. ఎవరికో పంపితే తిరిగొచ్చినట్టుంది.

"ఇది ఎవలిదో మాకెరుక లేదు తమ్మీ. బాపు దీన్ని ఎవల్నీ ముట్టనిచ్చెటోడు కాదు. అడిగితే, ఒకల బాకీ ఉన్న అనెటోడు" అంది అక్క.

అన్నం తిన్నాక అమ్మకు రాసిన ఉత్తరాలు వరసగా చదివాను. అన్నీ ఒకేలా ఉన్నాయి. నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను, బర్రె ఈనిందా, వానలు పడ్డాయా, చిన్నోడికి జ్వరం తగ్గిందా. ఇంత చక్కగా మాట్లాడే మనిషి పదహారేళ్లు తల్లికి ఇంత పొడిగా ఎలా రాశాడో అర్థం కాలేదు. అక్కను అడిగితే చెప్పింది:

"మా నాయనమ్మకు సదువు రాదు. ఉత్తరం వస్తే పట్వారి ఇంటికి పోవాలె. ఆయనకు తీరిక దొరికి పిలిచేదాంక వాకిట్ల కూసునేది. ఆయన సదివితే అక్కడ కూసున్నోళ్లందరు వినుడే. ఎంత పైసలు పంపిండో, ఎవల బాకీ ఎంతుందో గదాంట్ల ఎట్ల రాస్తడు? మనసుల బాధ ఎట్ల రాస్తడు? బాపు అనెటోడు, నేను మా అవ్వకు రాసిన ఉత్తరాలన్నీ పట్వారికి రాసినయే అని."

నాలుగు పేజీలు ఎక్కడ మొదలుపెట్టాలో అప్పుడు తెలిసింది.

గురువారం – పరకాల

పొద్దున్నే హన్మకొండ బస్టాండులో పరకాల బస్సు ఎక్కాను. ములుగు రోడ్డు దాటాక మిర్చి బస్తాల లారీలు ఎదురవుతూనే ఉన్నాయి, అన్నీ ఎనుమాముల మార్కెట్‌కే. కిటికీలోంచి ఘాటు తగిలి బస్సులో సగం మందికి దగ్గు. గూడెప్పాడ్ దగ్గర ములుగు దారి కుడికి చీలిపోతుంది, మన బస్సు పరకాలకు. అక్కడికి దగ్గర్లోని ఆత్మకూరు పక్కనే అక్కంపేట, జయశంకర్ సారు పుట్టిన ఊరు. 1934లో పుట్టారాయన, మా సారు కంటే ఏడాది పెద్ద. ఇద్దరూ ఉర్దూ బడిలో చదివి ఈ నేల మీదే పంతుళ్లైనవాళ్లు. ఒకరు కాకతీయ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు, తెలంగాణ ఉద్యమానికి దారి చూపారు. ఇంకొకరి పేరు పరకాల దాటితే ఎవరికీ తెలియదు. ఆ తరంలో మా సారు లాంటివాళ్లు ఊరికొకరు ఉన్నారని నా నమ్మకం. వాళ్ల గురించి రాసినవాళ్లే తక్కువ.

బస్టాండులో నా క్లాస్‌మేట్ బండితో నిలబడి ఉన్నాడు. ఇప్పుడు కిరాణం నడుపుతాడు. ముందు అమరధామానికి తీసుకెళ్లాడు. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయాలని చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం తరలి వచ్చారు. దేశమంతా స్వతంత్రం వచ్చి పక్షం దాటినా ఇక్కడ ఇంకా నిజాం పాలనే. జనం మీద పోలీసులు, రజాకార్లు తుపాకులు పేల్చారు. నేలకొరిగిన వాళ్ల గుర్తుగా 2003లో ఈ అమరధామం కట్టారు. ఆనాటి ఘటనలన్నీ అందులో శిల్పాలుగా ఉన్నాయి.

ఆ రోజు సారు పన్నెండేళ్ల పిల్లాడు. మేనమామ వెంట జెండా చూడటానికి వచ్చి, తొక్కిసలాటలో చెయ్యి జారిపోయి, చీకటి పడ్డాక ఒక్కడే పొలాల గట్లమీద ఇల్లు చేరాడట. ఎనిమిదో తరగతి సాంఘిక శాస్త్రంలో ఆ కాలం పాఠం వచ్చినప్పుడు పుస్తకం మూసి, మమ్మల్ని నడిపించుకుని ఈ చోటికి తెచ్చారు. అప్పుడిక్కడ శిల్పాలు లేవు, చూపించడానికి ఏమీ లేదు. ఎవరు ఎటు నుంచి వచ్చారో, తాను ఎటు పరుగెత్తాడో చేత్తో చూపించారు. ఇంటికి పోయి ఈ సంగతి మీ తాతలను అడిగి రాసుకు రండి అన్నారు. మరుసటి రోజు క్లాసులో సగం మంది తాతలకు చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉందని తేలింది. పాఠ్యపుస్తకంలో మా ఊరి పేరు లేకపోయినా, చరిత్ర మా ఇళ్లలోనే ఉందని నాకు తెలిసింది ఆ రోజే.

బడికి వెళ్లేసరికి పన్నెండు దాటింది. ఒంటిపూట బడులు కదా, పిల్లలు ఇళ్లకు పోతున్నారు. పాత పెంకుల గదులు లేవు, వాటి చోట స్లాబు గదులు వచ్చాయి. వేపచెట్టు ఉంది. సారు ఈ బడికి 1977లో వచ్చి 1993లో ఇక్కడే రిటైరయ్యారు.

మిలిటరీ సారు అని పేరేగాని ఆయన చేతిలో బెత్తం ఉండేది కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. ఎందుకంటే ఊరు ఇప్పుడే ఆయన్ని మరోలా గుర్తుపెట్టుకోవడం మొదలుపెట్టింది. పొద్దున్నుంచి నాకు కలిసినవాళ్లలో ముగ్గురు, ఆయన పాఠాలు విననివాళ్లు, 'అబ్బో మిలిటరీ సారు, వణికిపోయేటోళ్లట పిల్లలు' అన్నారు. మేమెవరం వణకలేదు. అప్పట్లో కోదండం వేసే పంతుళ్లు ఉన్నారు, గోడకుర్చీ వేయించేవాళ్లు ఉన్నారు. సారు గొంతు పెంచడం కూడా నేను వినలేదు. తిట్టుకు, దెబ్బకు భయపడి నేర్చుకున్నది భయం పోగానే పోతుందని, అది తనకు సైన్యంలోనే తెలిసిందని చెప్పేవారు.

ఆయన బడికి సైన్యం నుంచి తెచ్చింది పోస్టు కార్డు. ప్రతి శనివారం చివరి పీరియడ్ ఉత్తరాల గంట. పదిహేను పైసల కార్డు తెచ్చుకోవాలి. తేలేనివాళ్లకు సారే ఇచ్చేవారు. ఆయనకు వచ్చే మిలిటరీ పెన్షన్‌లో కొంత ప్రతినెలా పోస్టాఫీసు కిటికీ దగ్గరే ఖర్చయ్యేదని అప్పటి పోస్ట్‌మాన్ ఇవాళ నాకు చెప్పాడు. ఉత్తరం ఉత్తుత్తిది కాకూడదు, నిజంగా ఒక మనిషికి పోవాలి. మా క్లాసులో సగం మంది నేత పని ఇళ్లవాళ్లం. నాన్నలు, అన్నలు భీవండిలోనో సూరత్‌లోనో మగ్గాల మీద ఉండేవాళ్లు. 'మీ నాయినకు రాయి, కాని నేను క్షేమం అని మాత్రం రాయొద్దు. నిన్న పొద్దున ఇంట్లో ఏం జరిగిందో రాయి' అనేవారు. మొదటి కార్డు మీద ఏం రాయాలో తెలియక గంటంతా కూర్చున్నవాళ్లు ఏడాది తిరిగేసరికి కార్డులో చోటు చాలక అంచుల వెంబడి రాసేవాళ్లు. బోరింగు చెడిపోతే కలెక్టరుకు మా చేతే రాయించారు, ముప్పై మంది ముప్పై కార్డులు. రెండు వారాల్లో మెకానిక్ వచ్చాడు. మేం రాసిన అక్షరానికి ఒక మనిషి ఇంత దూరం వచ్చి పని చేశాడంటే పదమూడేళ్ల వయసులో అది ఎంత ధైర్యమో ఎలా చెప్పను.

సాయంత్రం క్లాస్‌మేట్ వాళ్ల వాడలో ఒక అవ్వ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమెకు ఎనభై ఉంటాయి. సారు రాత్రి బడిలో చదివింది. 1978 అక్టోబర్ 2న దేశమంతా వయోజన విద్య కార్యక్రమం మొదలైంది. చాలాచోట్ల రెండు మూడేళ్లకే ఆగిపోయింది. సారు దాన్ని సర్కారు నూనె ఇచ్చినా ఇవ్వకపోయినా తన అరుగు మీద కొనసాగించారు. ఆడవాళ్లే ఎక్కువ వచ్చేవారు. పగలంతా బీడీలు చుట్టి, కండెలు చుట్టి, అన్నాలు వండి పెట్టి వచ్చి పలక పట్టుకునేవారు.

"మా ఆయన బీమండిల ఉండె బిడ్డా. కారటు వస్తే పక్కింటి పోరనితోని సదివిచ్చేది. సారు బడికి పోంగ పోంగ ఒక కారటు నేనే సదివిన. కూడబలుక్కుంట, పొద్దుగూకింది సదివేసరికి. దాంట్ల ఆయన సేటు దగ్గర అప్పు చేసిన ముచ్చట ఉన్నది. గది ఆ పోరడు సదివితే రాత్రికి వాడంత తెలుస్తుండె. నేను సదివి పొయ్యిల పెట్టిన. ఎవలకు తెల్వది, ఇగో ఇయ్యాల నీకు చెప్తున్న" అని నవ్వింది.

పట్వారి వాకిట్లో కూర్చున్న ఆ తల్లి గురించి ఈ అవ్వకు సారు ఎప్పుడూ చెప్పలేదు. నేను చెబితే చాలాసేపు తల ఊపుతూ ఉండిపోయింది.

1980ల్లో, 90ల్లో ఈ ప్రాంతంలో రాత్రిపూట నలుగురు ఒకచోట చేరితే అనుమానమే. ఒకవైపు అన్నలు (నక్సలైట్లు), ఇంకోవైపు పోలీసులు, ఊళ్లన్నీ టెన్షన్‌లో ఉండేవి. రాత్రి బడి ఆపితే మంచిదని సారుకు చెప్పినవాళ్లు రెండు వైపులా ఉన్నారు. ఆయన లాంతరును లోపలి గదిలోంచి తెచ్చి వీధి వైపు గుంజకు కట్టారు. ఏం జరుగుతోందో పోయేవాళ్లకు, వచ్చేవాళ్లకు అందరికీ కనిపించాలని. ఎవరైనా ఆగి చూస్తుంటే పలక ఇచ్చి కూర్చోమనేవారని ఆ రోజుల్లో పక్కింట్లో ఉన్నాయన చెప్పాడు.

శుక్రవారం – ములుగు, తాడ్వాయి దారి

క్లాస్‌మేట్ కొట్టును తమ్ముడికి అప్పజెప్పి కారు తీశాడు. సారు మొదటి పోస్టింగ్ 1972లో, తాడ్వాయి దారిలో ఒక కోయ గూడెంలో ఏకోపాధ్యాయ బడి. ములుగు దాటితే అడవి మొదలు. ఆకులన్నీ రాలి, మోదుగులు మాత్రం నిప్పు రంగులో పూసి ఉన్నాయి. ఇప్పచెట్ల కింద నేల ఊడ్చి శుభ్రం చేసి పెట్టుకున్నారు, పువ్వు రాలితే ఏరుకోవడానికి.

దారిలో పాలంపేట దగ్గర ఆగి రామప్ప చూశాం. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాకు ఎక్కింది. దాని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను కొత్తగా చెప్పేది లేదు.

గూడెంలో బడి ఉంది. పాత గుడిసె చోట పక్కా గది, ఇద్దరు టీచర్లు. సారు దగ్గర చదువుకున్నవాళ్లలో ఇద్దరు దొరికారు, ఇద్దరూ అరవై దాటినవాళ్లే. ఒకాయన అటవీ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన చెప్పిన సంగతులు నాకు అస్సలు తెలియవు.

సారు వచ్చిన కొత్తలో పిల్లలకు తెలుగు సరిగా రాదు, సారుకు కోయ మాట ఒక్కటీ రాదు. మొదటి నెల పలకలే ముట్టించలేదట. పిల్లల వెంట అడవిలోకి పోయి, కనబడ్డ ప్రతిదాన్నీ చూపించి మీ భాషలో ఏమంటారని అడిగి, నోటుబుక్కులో రాసుకున్నాడట. పిల్లలు సారుకు పాఠం చెప్పారు, తప్పు పలికితే నవ్వారు. "మాకు సదువు చెప్పేటందుకు ముందుగాల మా దగ్గర సదువుకున్నడు. గందుకే మాకు భయం కాలే" అన్నాడాయన. ఆ నోటుబుక్కు హన్మకొండ పెట్టెలో నేను చూశాను. అప్పుడు అదేమిటో తెలియలేదు. ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు దానికి కోయ మాట, పక్కన చెప్పిన పిల్లాడి పేరు.

అగ్గిపెట్టెలకు దారం కట్టి టెలిఫోన్ ఆట ఆడించిన సంగతి కూడా చెప్పాడు. ఒక చెట్టు దగ్గర ఒకడు, ఇంకో చెట్టు దగ్గర ఇంకొకడు. సైన్యంలో సారు చేసిన పని అదే. వైరు చుట్టిన డ్రమ్ము వీపున వేసుకుని, ఒక మోర్చా నుంచి ఇంకో మోర్చాకు టెలిఫోన్ తీగ లాగాలి. బాంబు పడి తెగితే ఆ తెగిన చోటు వెతుక్కుంటూ పోయి ముడివేయాలి.

తిరుగు దారిలో ములుగులో టీ తాగాం. ఇక్కడిప్పుడు సమ్మక్క సారక్క పేరుతో కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. ఆ కోయ మాటల నోటుబుక్కు జిరాక్స్ అక్కడ ఇస్తే ఎవరికైనా పనికొస్తుందేమో అడగాలని అక్కతో ఫోన్‌లో అన్నాను. సరేనంది.

శనివారం – వరంగల్, మండిబజార్

ఉర్దూ కట్ట చదివించడానికి మనిషి కావాలి. మండిబజార్‌లో ఒక రిటైర్డ్ ఉర్దూ మాస్టారు ఉన్నారని అక్క వాళ్లాయన కనుక్కున్నాడు. పొద్దున పది గంటలకు ఆయన ఇంటికి వెళ్లాం. దారిలో ఆజంజాహి మిల్లు ఉన్న స్థలం మీదుగా వెళ్లాం. 1934లో మొదలైన మిల్లు, ఒకప్పుడు వేలమందికి అన్నం పెట్టింది. అది మూతపడ్డాక వరంగల్ నేతగాళ్లకు భీవండి, సూరత్ దారులు ఇంకా దగ్గరయ్యాయి. ఇప్పుడక్కడ కాలనీలు. మా సారు రాయించిన కార్డుల్లో ఎన్నిటికి ఈ మిల్లు గొడవలు, మూసివేతలు కారణమో లెక్కలేదు.

మాస్టారుకు ఎనభై ఐదేళ్లు. కళ్లద్దాల మీద భూతద్దం పెట్టి చదివారు. సారు చేతిరాత చూసి ముందు మురిసిపోయారు. చదువుతూ, ఒక్కో వాక్యం ఆపి తెలుగులో చెప్పారు.

మాకు కావలసింది 1962 చివరివి, చైనాతో యుద్ధం జరిగిన రోజులవి. అమ్మకు రాసిన కట్టలో ఆ ఏడాది అక్టోబర్ తర్వాత డిసెంబర్ చివరిదాకా ఒక్క ఉత్తరం లేదు. డిసెంబర్ కార్డులో, కొంచెం జ్వరం వచ్చి తగ్గింది, నేను క్షేమం అని ఉంది, అంతే. దోస్తుకు మాత్రం 1963 జనవరిలో పెద్ద ఉత్తరం రాశారు. అదీ పట్వారి చేతిలో పడదని తెలుసు కాబట్టి.

అందులో ఉన్నది నాకు అర్థమైనంత వరకు ఇది. నేఫాలో సేలా కనుమ వైపు టెలిఫోన్ లైను వేసే దళంలో సారు ఉన్నారు. మంచులో వేసుకోవడానికి సరైన బూట్లు లేవు, వేసవి బట్టలే. రాత్రిళ్లు చుట్టుపక్కల పటాలాల జవాన్లు ఆయన దగ్గరికి వచ్చి ఉత్తరాలు రాయించుకునేవారు. చదువు రానివాళ్లు ఎక్కువ. ఈయనకు ఉర్దూ వచ్చు, హిందీ లిపి సైన్యంలో నేర్చుకున్నారు. నవంబర్ మధ్యలో ఒక గఢ్వాలీ జవాను తల్లికి ఉత్తరం చెబుతున్నాడు. సగం చెప్పాక డ్యూటీకి పిలుపు వచ్చింది. మిగతాది పొద్దున చెబుతా, అప్పటిదాకా నీ దగ్గరే పెట్టుకో అని వెళ్లాడు. నవంబర్ 18న వెనక్కి తగ్గమని ఆర్డర్. లైను కోసి, డ్రమ్ములు లోయలోకి దొర్లించి నడక మొదలుపెట్టారు. దారులు మూసుకుపోవడంతో ఎందరో సైనికులు భూటాన్ కొండల్లోంచి దిగి అస్సాం చేరారు, వాళ్లలో సారు ఒకరు. కిందికి వచ్చేసరికి యుద్ధం ఆగిందని తెలిసింది. ఆ గఢ్వాలీ కుర్రాడి జాడ మాత్రం తెలియలేదు. ఉత్తరం చొక్కా లోపల తడిసి ఆరి, తడిసి ఆరి, సారు దగ్గరే ఉండిపోయింది.

మాస్టారు చదవడం ఆపారు. అక్క సంచిలోంచి ఆ హిందీ కవరు తీసి బల్ల మీద పెట్టింది.

కవరు లోపల రెండు కాగితాలు. ఒకటి పెన్సిల్‌తో రాసిన సగం ఉత్తరం. చలి ఎక్కువగా ఉంది, కంబళ్లు వచ్చాయి, చెల్లి పెళ్లికి సెలవు అడిగాను అన్న దగ్గర ఆగిపోయింది. రెండోది సారు ఆ తల్లికి స్వయంగా రాసింది. మీ అబ్బాయి చెబుతుంటే నేను రాశాను, ఇది మీది, ఆలస్యమైనందుకు మన్నించండి అని. కవరు మీది ముద్రలను బట్టి మొదట 1963లో పంపారు, తిరిగొచ్చింది. చిరునామా కొద్దిగా మార్చి 1974లో మళ్లీ పంపారు, మళ్లీ తిరిగొచ్చింది. రెండోసారి పంపేనాటికి దేశంలో పిన్‌కోడ్‌లు వచ్చి రెండేళ్లయింది. కవరు మీద ఆ ఆరు అంకెలు లేవు.

అక్క ఏడ్చింది. నేనూ ఆపుకోలేకపోయాను. మాస్టారు ఇంట్లోకి వెళ్లి నీళ్లు తెచ్చి ఇచ్చారు. డబ్బులు తీసుకోలేదు. మిగతా కట్ట కూడా తెచ్చివ్వండి, నా కళ్లు పనిచేస్తున్నంత వరకు చదివి తెలుగులో రాయించి పెడతాను అన్నారు.

రాత్రి హన్మకొండలో కూర్చుని నాలుగు పేజీలు రాసేశాను. కొట్టివేతలు లేకుండా వచ్చాయి.

ఆదివారం – పరకాల

సభ ఫంక్షన్ హాల్లో. భీవండి నుంచి కొందరు, కోరుట్ల, జమ్మికుంట నుంచి కొందరు వచ్చారు. గల్ఫ్ నుంచి ఇద్దరు వీడియో కాల్‌లో కనిపించారు. గూడెం నుంచి ఆ అటవీ శాఖ ఆయన మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చాడు. రాత్రి బడి అవ్వలు ముందు వరసలో కూర్చున్నారు. జిల్లా నుంచి వచ్చిన మాజీ సైనికులు ఫొటోకు సెల్యూట్ చేశారు. ఉపన్యాసాల్లో కొన్ని బాగున్నాయి, కొన్ని పొడుగయ్యాయి.

నేను చదివాక విగ్రహం ప్రస్తావన వచ్చింది. బడి గేటు పక్కన, యూనిఫాంలో, చేతిలో తుపాకీతో నిలువెత్తు విగ్రహం పెట్టాలని ఒక బ్యాచ్ వాళ్లు చందాలు కూడా మొదలుపెట్టారు. వాళ్ల ప్రేమను నేను కాదనను. కాని తుపాకీ పట్టుకున్న సారును చూస్తూ పెరిగే పిల్లలకు ఆయన ఎవరో తెలియదు. ఆ మాటే లేచి చెప్పాను. వాదన పెరిగింది. సైన్యాన్ని దాచిపెడతారా అని ఒకతను కోపంగా అడిగాడు. దాచక్కర్లేదు, ఆయన సైన్యంలో చేసిన పని చెబితే చాలు అన్నాను. మాజీ సైనికుల్లో పెద్దాయన ఒకరు లేచి, యుద్ధంలో తీగ కలిపేవాడు లేకుంటే తుపాకీ ఉన్నవాడు గుడ్డివాడేనని, సిగ్నల్స్‌వాడికి తుపాకీ విగ్రహం పెడితే సిగ్నల్స్‌వాళ్లే ఒప్పుకోరని అన్నారు. హాలు కాస్త చల్లబడింది. విగ్రహం సంగతి తేలలేదు, కమిటీకి వదిలేశారు. అరుగు ఉన్న ఆ ఇంటి ముందుగది మాత్రం ఊరికి ఇస్తానని అక్క మైకులో చెప్పింది. పొద్దున పేపర్లు, సాయంత్రం పదో తరగతి పిల్లలకు చదువు, కావాలన్నవాళ్లకు బ్యాంకు, పెన్షన్ ఫారాలు నింపిపెట్టే పని. ఇప్పుడు ఉత్తరాలు లేకపోయినా ఆన్‌లైన్ ఫారాల దగ్గర జనం మళ్లీ ఇంకొకరి వాకిట్లో నిలబడుతున్నారు కదా అంది. ఇద్దరు రిటైర్డ్ టీచర్లు అప్పటికప్పుడు పేర్లు ఇచ్చారు.

భోజనాలయ్యాక ఆ పెద్దాయన మా దగ్గరికి వచ్చి కవరు చూపించమన్నారు. గఢ్వాల్ రైఫిల్స్ కేంద్రం ఉత్తరాఖండ్‌లోని లాన్స్‌డౌన్‌లో ఉందని, పాత జవాన్ల రికార్డులు అక్కడే ఉంటాయని, పేరు, పటాలం, ఊరు ఉన్నాయి కాబట్టి కుటుంబం దొరికే అవకాశం ఉందని చెప్పారు. 1974లో సారు ఊరికి రాశారు గాని రికార్డు ఆఫీసుకు రాసినట్టు కనిపించలేదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా కూడా ఒక లేఖ వేయిద్దామన్నారు.

కవరింగ్ లెటర్ అక్కడే, భోజనాల బల్ల మీద రాశాం. నేను తెలుగులో చెప్పాను. గూడెం ఆయన మనవరాలు ఇంటర్ చదువుతోంది, హిందీ బాగా వచ్చు. ఆ అమ్మాయే రాసింది. అసలు కాగితాలు అక్క దగ్గరే ఉంచి, కలర్ జిరాక్స్‌లు జతచేశాం. కుటుంబం దొరికితే అసలు ఉత్తరం స్వయంగా తీసుకెళ్లి ఇస్తానంది అక్క. సోమవారం పొద్దున పోస్టాఫీసు తెరవగానే స్పీడ్ పోస్టు చేసి, రసీదు ఫొటో అందరికీ పంపి, పది గంటల బస్సెక్కాను.